టీవీ ఎపిసోడ్ల మీద పత్రికా ఎంబార్గో: అభిమాన సైట్లు దానికి కట్టుబడాలా?

వేగుచుక్క:

మిత్రులకు నమస్కారం. ఇంకా ప్రసారం కాని ఎపిసోడ్ల వివరాలను మన వేదికలో రాయవచ్చా, రాయకూడదా అన్న విషయంలో మనకు ఇంతవరకు రాతపూర్వకమైన నియమం ఏదీ లేదు. కొత్త సీజన్ మొదలైన ప్రతిసారీ ఇదే వివాదం తలెత్తడం, నిర్వాహకులు కొన్నింటిని తొలగించి కొన్నింటిని వదిలేయడం, మంచి సభ్యులు నొచ్చుకుని వెళ్లిపోవడం జరుగుతోంది. కనుక నియమం రాసుకునే ముందు దాని వెనుక ఉండవలసిన సూత్రం ఏమిటో తేల్చుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పద్ధతి తెలియనివారి కోసం రెండు మాటలు. ఛానెళ్లు, ఓటీటీ సంస్థలు కొన్ని ఎపిసోడ్లను విమర్శకులకు ముందుగానే స్క్రీనర్ల (సమీక్ష కోసం ఇచ్చే ముందస్తు కాపీల) రూపంలో ఇస్తాయి, లేదా ప్రివ్యూ వేసి చూపిస్తాయి. ఫలానా తేదీ ఫలానా గంట దాకా సమీక్ష ప్రచురించకూడదనీ, ఫలానా మలుపులను ప్రసారమయ్యేదాకా అసలే ప్రస్తావించకూడదనీ షరతు పెడతాయి. ఈ షరతునే ఎంబార్గో అంటారు. దానికి ఒప్పుకున్నవారికే ఎపిసోడ్ అందుతుంది. అభిమాన సైట్లకు ఈ ఒప్పందంలో కొన్నిసార్లు నేరుగా భాగం ఉంటుంది, చాలాసార్లు ఉండదు. అయినా వివరాలు మాత్రం ఏదో దారిన వాటి చేతికి వస్తూనే ఉంటాయి.

2011లో జరిగింది చూడండి. బీబీసీ సైన్స్ ఫిక్షన్ సిరీస్ "డాక్టర్ హూ" ఆ ఏటి సీజన్‌లోని మొదటి రెండు ఎపిసోడ్లను పత్రికలవారితో పాటు కొందరు అభిమానులకు కూడా ముందుగా చూపించి, రహస్యం కాపాడమని కోరారు. చూసినవారిలో ఒక అభిమాని ఇంటికి వెళ్లి కథ మొత్తాన్ని ఒక చర్చా వేదికలో రాసేశాడు. సిరీస్ ప్రధాన రచయిత స్టీవెన్ మొఫాట్ బీబీసీ రేడియోలోనే తన బాధను, కోపాన్ని దాచుకోకుండా వెళ్లగక్కారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అభిమాన సైటు తనను పత్రికలతో సమానంగా చూడాలని కోరుకుంటున్నప్పుడు, పత్రికలు పాటించే కట్టుబాటును కూడా అది పాటించాలి.

కృష్ణాతీరం:

వేగుచుక్క గారూ, మీరు చెప్పిన ఉదాహరణలో ఆ అభిమాని మాట ఇచ్చి తప్పాడు. దానిని ఎవరూ సమర్థించరు. కానీ మీరు అక్కడి నుంచి, ఏ మాటా ఇవ్వనివారు కూడా కట్టుబడాలనే చోటికి చాలా తొందరగా వచ్చేశారు.

ఎగ్జిట్ పోల్స్ సంగతి తీసుకోండి. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఏ సెక్షన్ ప్రకారం పోలింగ్ అంతా ముగిసిన అరగంట దాకా వాటిని ఎవరూ ప్రచురించకూడదు. అది చట్టం కాబట్టి పెద్ద పత్రికకూ, పల్లెటూరి కేబుల్ టీవీకీ, మనకూ సమానంగా వర్తిస్తుంది. ఆ నిషేధం వెనుక ప్రజాప్రయోజనం ఉంది. ఒక వినోద సంస్థ తన ప్రచార ప్రణాళిక కోసం పెట్టుకున్న గడువుకు అలాంటి అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ గడువు ఒప్పుకున్నవారి మధ్య వ్యవహారం. ఒప్పుకున్నవారికి ముందుగా ఎపిసోడ్ దొరుకుతుంది, సమీక్షకు పాఠకులు దొరుకుతారు. ప్రతిఫలం ఏదీ అందని అభిమాన సైటు మీద బాధ్యతను మాత్రం మోపడం ఏ విధంగా సబబో నాకు అర్థం కావడం లేదు.

పైగా ఛానెళ్లే తమ ప్రోమోల్లో సగం కథను బయటపెడుతుంటాయి. అది ప్రచారమవుతుందట, మనం రాస్తే మాత్రం ద్రోహమట.

పాత డెస్క్:

నేను చాలా కాలం ఒక దినపత్రిక సినిమా, టీవీ పేజీల్లో పనిచేశాను. ఎంబార్గో కేవలం ఛానెల్ ప్రయోజనం కోసమేనన్న అభిప్రాయం బయటివారిలో బలంగా ఉంది కాబట్టి లోపలి సంగతి కొంత చెప్పాలి.

గడువు లేకపోతే ఎవరు ముందు రాస్తే వారిదే పైచేయి అవుతుంది. పది గంటల సీజన్‌ను నిదానంగా చూసి, ఆలోచించి రాసే విమర్శకుడు ఆ పరుగులో మొదటి రోజే ఓడిపోతాడు. గడువు అందరికీ ఒకటే అయినప్పుడు, మొదటి ఎపిసోడ్ సగం చూసి హడావుడిగా రాసినవాడికీ, మొత్తం చూసి రాసినవాడికీ ఒకే సమయంలో పాఠకుడు దొరుకుతాడు. నాణ్యతకు అక్కడ కాస్త చోటు ఏర్పడుతుంది. అందుకే మా వృత్తిలో ఎంబార్గోను తిట్టుకునేవారు కూడా దాన్ని దాటేవారు కాదు.

దాటితే ఏమవుతుందో 2015లో అందరూ చూశారు. హెచ్‌బీఓ ఛానెల్ సిరీస్ "గేమ్ ఆఫ్ థ్రోన్స్" అయిదో సీజన్ ఏప్రిల్ 12న మొదలు కావలసి ఉండగా, దానికి ముందురోజు మొదటి నాలుగు ఎపిసోడ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. అవి సమీక్షకుల కోసం పంపిన కాపీలేనని, వాటి మీద కాపీ ఎవరిదో తెలిపే వాటర్‌మార్క్‌ను మసకచేసి వదిలారని తేలింది. మరుసటి ఏడాది ఆరో సీజన్‌కు హెచ్‌బీఓ ఎవరికీ స్క్రీనర్లు ఇవ్వలేదు. కాపీని బయటపెట్టిన ఆ ఒక్కరికి దానివల్ల ఏ నష్టమూ లేదు. షరతును నిజాయితీగా పాటించిన వందలాది విమర్శకులే ఎపిసోడ్ ప్రసారమయ్యాక రాత్రికి రాత్రి కూర్చుని రాయవలసి వచ్చింది, పాఠకులకు ఆ అలసిన రాతలే దక్కాయి. కృష్ణాతీరం గారూ, మనం సంతకం చేయలేదన్నది నిజమే. కానీ సంతకం చేసినవాడు తప్పిన మాటను మనం ప్రచారంలోకి తెస్తే, ఆ తప్పు వల్ల కలిగే నష్టంలో మనకూ వాటా ఉంటుంది.

డల్లాస్ వీక్షకురాలు:

అందరికీ నమస్కారం. ఇంగ్లిషు సిరీస్‌ల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మన ఇంటి సంగతి ఒకటి గుర్తుచేయాలనిపించింది.

తెలుగు బిగ్‌బాస్ శని, ఆదివారాల ఎపిసోడ్ల చిత్రీకరణ ప్రసారానికి ముందే పూర్తవుతుంది. అందువల్ల ఆదివారం ఎవరు ఎలిమినేట్ అవుతారో శనివారానికే పేరుతో సహా యూట్యూబ్‌లోనూ, ఎక్స్‌లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతుంది. హైదరాబాదులో రాత్రి తొమ్మిదికి ఎపిసోడ్ మొదలైతే మాకు ఇక్కడ ఆదివారం ఉదయం పదిన్నర. పిల్లలతో కలిసి చూద్దామని కూర్చునేసరికి వీడియో శీర్షికలోనే, పెద్ద అక్షరాలతో, వెళ్లిపోయినవారి ఫొటో సహా ఫలితం కనిపిస్తుంది. నేను వెతికి చదవలేదు. తెరవగానే నా కళ్ల ముందుకు వచ్చింది.

నేను అడిగేది ఒకటే. సంతకం చేశామా లేదా అని ఛానెల్ వైపు తిరిగి వాదించుకుంటున్నారు గానీ, నావంటి పాఠకురాలికి మీరు ఏం బాకీ ఉన్నారో ఎవరూ చెప్పడం లేదు. తెలుసుకోవాలనుకున్నవారు తెలుసుకోవచ్చు. తెలుసుకోకూడదనుకున్న నా నిర్ణయాన్ని మాత్రం నా చేతిలోంచి లాక్కుంటున్నారు.

కృష్ణాతీరం:

డల్లాస్ వీక్షకురాలు గారూ, మీ బాధతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. శీర్షికలో ఫలితం పెట్టడం పాఠకుడి పట్ల దౌర్జన్యమే. అయితే గమనించండి, బిగ్‌బాస్ విషయంలో పత్రికలకు ముందుగా చూపించడం, షరతు పెట్టడం అనేవి లేవు. అక్కడ ఎంబార్గో లేదు, లీక్ మాత్రమే ఉంది. అంటే మీరు కోరుతున్న రక్షణను ఎంబార్గో ఇవ్వలేదు, ఇవ్వజాలదు కూడా. దానిని ఇవ్వగలిగింది మనం పాఠకుల కోసం పెట్టుకునే నియమమే. నేను చెప్పదలచుకున్నది సరిగ్గా ఇదే.

న్యాయదృష్టి:

చట్టం ఏమంటుందో కొంత చెబితే చర్చ స్పష్టమవుతుందని భావిస్తున్నాను.

మన దేశంలో కథాంశానికి, ఆలోచనకు కాపీరైట్ లేదని, దానిని వ్యక్తీకరించిన తీరుకే ఉందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక "ఫలానా పాత్ర చనిపోతుంది" అనే ఒక్క వాక్యం కాపీరైట్ ఉల్లంఘన కాదు. అయితే ఎపిసోడ్‌లో జరిగేదంతా సన్నివేశం తరువాత సన్నివేశంగా, సంభాషణలతో సహా తిరగరాయడం వేరే విషయం. అమెరికాలో "ట్విన్ పీక్స్" సిరీస్ గురించి వెలువడిన ఒక పుస్తకం ఎపిసోడ్ల కథను అతి వివరంగా తిరిగి చెప్పినందుకు కాపీరైట్‌ను ఉల్లంఘించిందని 1993లో అక్కడి అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. అవి ప్రసారమైపోయిన ఎపిసోడ్లు కూడాను. ఇంకా ప్రసారం కానివాటి విషయంలో కోర్టులు మరింత మెతకగా ఉంటాయని ఎవరూ ఆశించకూడదు.

ఇక దొంగిలించిన కాపీ సంగతి. 2017 ఆగస్టులో "గేమ్ ఆఫ్ థ్రోన్స్" ఏడో సీజన్ నాలుగో ఎపిసోడ్ ప్రసారానికి రెండు రోజుల ముందే బయటికి వచ్చింది, దాని మీద స్టార్ ఇండియా వాటర్‌మార్క్ ఉంది. స్టార్ కోసం పనిచేసే ఒక సాంకేతిక సంస్థతో సంబంధమున్న నలుగురిని పోలీసులు అరెస్టు చేశారు. అలాంటి కాపీకి లింకు ఇవ్వడం గురించి మనం చర్చించవలసిన పనే లేదు, అది నిషిద్ధం. మన ముందున్న నిజమైన ప్రశ్న, చట్టం పట్టించుకోని ఆ ఒక్క వాక్యం గురించే.

కృష్ణాతీరం:

న్యాయదృష్టి గారికి ధన్యవాదాలు. చట్టం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి, దానిని సంస్థలు ఎలా వాడుకుంటాయో కూడా చెప్పుకోవాలి. "ది వాకింగ్ డెడ్" ఆరో సీజన్ 2016 ఏప్రిల్‌లో, ఒక పాత్రను చంపుతున్నట్టు చూపి ఆ పాత్ర ఎవరో చూపకుండా ముగిసింది. జవాబు అక్టోబరులో గానీ రాదు. స్పాయిలర్లను, అంటే ముందే తెలిస్తే చూసే ఆసక్తి పోయే మలుపులను, చర్చించుకునే ఒక అభిమాన బృందం ఆ వేసవిలో తన అంచనాను ప్రకటించబోతుండగా, ప్రకటిస్తే దావా వేస్తామని ఏఎంసీ ఛానెల్ న్యాయవాదుల నుంచి హెచ్చరిక వచ్చింది. వారు వెనక్కి తగ్గారు. కోర్టులో ఎవరు గెలిచేవారో తరువాతి మాట, అంత ఖర్చు భరించే స్థోమత అభిమానులకు ఎక్కడిది?

ఇప్పుడు మనం "ఎంబార్గోకు కట్టుబడతాం" అని నియమంలో రాసుకుంటే, రేపు ఛానెల్ ఏది రహస్యమంటే అది రహస్యమవుతుంది. "గేమ్ ఆఫ్ థ్రోన్స్"లో జాన్ స్నో అనే పాత్ర 2015 జూన్‌లో చనిపోయి 2016 మేలో తిరిగి బతికింది. ఆ మధ్యకాలంలో చిత్రీకరణ జరిగే ప్రాంతంలో ఆ పాత్ర వేసిన నటుడు కనిపించాడని అభిమాన సైట్లు రాశాయి. వీధిలో కళ్లారా చూసినదానిని రాయడం ఏ ఒప్పందానికి భంగం? తమంతట తాము చూసి, పోల్చి, ఊహించి చెప్పడం అభిమానుల ఆనందంలో భాగం. దానిని వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను.

వేగుచుక్క:

కృష్ణాతీరం గారూ, ఊహను, పరిశీలనను నిషేధించాలని నేను ఎన్నడూ అనలేదు. విమర్శకుడికి నమ్మకంతో ఇచ్చిన సమాచారం మన దగ్గరికి చేరితే ఏం చేయాలన్నదే నా ప్రశ్న. మీరు 2016 నాటి బెదిరింపును గుర్తుచేశారు కాబట్టి, దానికి పూర్తి భిన్నమైన సంఘటనను నేను గుర్తుచేస్తాను.

2013లో "డాక్టర్ హూ" సీజన్ చివరి ఎపిసోడ్ మే 18న ప్రసారం కావలసి ఉంది. దానికి వారం ముందే, జరిగిన పొరపాటు వల్ల, ఆ ఎపిసోడ్ ఉన్న బ్లూరే డిస్కులు అమెరికాలో 210 మంది కొనుగోలుదారుల ఇళ్లకు చేరిపోయాయి. వారెవరూ ఏ షరతుకూ ఒప్పుకున్నవారు కాదు. డబ్బు పెట్టి, న్యాయంగా కొనుక్కున్నవారు. బీబీసీ వారిని బెదిరించలేదు. ప్రసారమయ్యేదాకా రహస్యం కాపాడమని మర్యాదగా అడిగింది, కాపాడితే ఆ సిరీస్‌లో డాక్టర్ పాత్ర వేసిన నటులు డేవిడ్ టెన్నంట్, మాట్ స్మిత్ కలిసి ఉన్న ఒక వీడియో విడుదల చేస్తామని చెప్పింది. రహస్యం నిలిచింది. చెప్పినట్టే వీడియో వచ్చింది, ఆ 210 మందికి మొఫాట్ బహిరంగంగా కృతజ్ఞత చెప్పారు. అంతకు రెండేళ్ల ముందు అభిమానుల మీద అంత ఆగ్రహించిన రచయితే ఆయన.

2017 జనవరిలో "షెర్లాక్" నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్ రష్యన్ డబ్బింగ్‌తో ఒక రోజు ముందే ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు కూడా, దయచేసి పంచుకోవద్దని నిర్మాత స్యూ వర్చ్యూ అభిమానులనే కోరారు. అడగవలసింది మనల్నేనని ఆ సమయంలో వారికి తోచింది. ఒక రచయిత ఏడాదిపాటు కట్టిన కథ, తాను అనుకున్న క్షణంలో ప్రేక్షకుడికి చేరాలని కోరుకోవడం నాకు చాలా సహజంగా, గౌరవించదగినదిగా కనిపిస్తుంది. నన్ను ఎంబార్గో వైపు నిలబెడుతున్నది ఆ కోరికే.

సంధ్యారాగం:

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. ఎంబార్గో అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయని నాకు అనిపిస్తోంది. మలుపులను దాచమనడం ఒకటి, అభిప్రాయాన్ని ఆపమనడం మరొకటి.

మొదటిది కూడా హద్దు దాటగలదు. "మ్యాడ్ మెన్" సృష్టికర్త మాథ్యూ వైనర్ కొత్త సీజన్ కాపీలతో పాటు విమర్శకులకు చెప్పకూడని విషయాల జాబితా పంపేవారు. కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో కూడా ఆ జాబితాలో ఉండేది. అరవైల అమెరికాలో మార్పును ఏడాదికేడాది చూపించే సిరీస్ గురించి సంవత్సరం చెప్పకుండా సమీక్ష రాయమంటే ఏం రాయాలి? రెండోది అంతకంటే ప్రమాదకరం. సమీక్షలన్నీ ప్రసార సమయానికే వచ్చేలా గడువు పెట్టడం వెనుక, ఎపిసోడ్ బాగాలేదన్న మాట ముందుగా బయటికి పొక్కకూడదన్న ఉద్దేశం ఉండవచ్చు. మలుపును దాచడం ప్రేక్షకుడికి మేలు, అభిప్రాయాన్ని దాచడం అమ్మేవాడికి మేలు.

ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు. 2015 మే 17న ప్రసారమైన "గేమ్ ఆఫ్ థ్రోన్స్" ఎపిసోడ్‌లో సాన్సా అనే పాత్ర మీద పెళ్లి రాత్రి జరిగిన అత్యాచారం ఉంది. దాని తరువాత "ది మేరీ స్యూ" అనే అభిమాన సంస్కృతి సైటు ఇకపై ఆ సిరీస్‌కు ప్రచారం చేయబోమని ప్రకటించింది. అలాంటి దృశ్యం రాబోతోందని ముందుగా తెలిసిన సైటు, కథ చెప్పకుండానే "ఈ ఎపిసోడ్‌లో లైంగిక హింస ఉంది" అని ఒక్క హెచ్చరిక పెడితే, దానిని స్పాయిలర్ అని ఎవరైనా తొలగిస్తారా? అటువంటి బాధను జీవితంలో అనుభవించిన వీక్షకులకు ఆశ్చర్యం కంటే ఆ హెచ్చరికే ముఖ్యం. మన నియమం ఏ రూపంలో ఉన్నా ఈ హెచ్చరికకు అందులో చోటు లేకపోతే నేను దానికి అంగీకరించను.

పాత డెస్క్:

సంధ్యారాగం గారు చెప్పిన చివరి విషయం నన్ను ఆలోచింపజేసింది. హెచ్చరిక పెట్టడానికి ఎంబార్గో అడ్డుకాకూడదు. విమర్శకులు షరతుకు ఒప్పుకునే ముందే ఈ మినహాయింపును అడిగి తీసుకోవాలి. అడిగితే కాదనే ఛానెల్ పేరును పాఠకులకు చెప్పాలి.

అభిప్రాయాన్ని ఆపే గడువు గురించి మాత్రం ఒక సవరణ. ఆ గడువు ఇష్టం లేని విమర్శకుడికి గౌరవప్రదమైన దారి ఉంది. స్క్రీనర్ వద్దని చెప్పి, అందరితో పాటు చూసి రాయవచ్చు. స్క్రీనర్ తీసుకుని షరతును తప్పడం మాత్రం ఏ వాదనతోనూ సరిపెట్టుకోలేము. అభిమాన సైట్లకూ ఇదే వర్తిస్తుంది. ఈమధ్య ఛానెళ్లు అభిమాన సైట్లను కూడా ప్రివ్యూలకు పిలుస్తున్నాయి. పిలిచినందుకు పొంగిపోయి ఏ కాగితం మీద పడితే ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా, ముందు చదవాలి.

నిర్వాహకుడు:

సభ్యులందరికీ ధన్యవాదాలు. ఇంతవరకు జరిగిన చర్చను బట్టి నియమం పాఠాన్ని ఇలా ప్రతిపాదిస్తున్నాను.

"షరతుకు ఒప్పుకుని ఎపిసోడ్‌ను ముందుగా చూసిన సభ్యుడు గడువు ముగిసేదాకా ఇక్కడ ఏ మలుపునూ రాయకూడదు. ఇతరులు షరతు తప్పి బయటపెట్టిన సమాచారాన్ని, దొంగ కాపీల నుంచి వచ్చిన సమాచారాన్ని ఇక్కడికి తీసుకురాకూడదు. చిత్రీకరణలో బహిరంగంగా కనిపించినవి, సభ్యుల సొంత అంచనాలు స్పాయిలర్ల విభాగంలో రాయవచ్చు, వాటి ఛాయ కూడా శీర్షికలోనూ బొమ్మలోనూ కనిపించకూడదు. హింస గురించిన హెచ్చరికలు ఎప్పుడైనా, ఏ విభాగంలోనైనా పెట్టవచ్చు."

ఛానెల్ ఎంబార్గోకు కట్టుబడతామన్న మాట ఇందులో ఉద్దేశపూర్వకంగానే రాయలేదు. కృష్ణాతీరం గారి భయం నాకు సమంజసంగా తోచింది. మనం పాటించేది సభ్యుడు ఇచ్చిన మాటను, పాఠకుడి ఎంపికను.

డల్లాస్ వీక్షకురాలు:

శీర్షికతో పాటు బొమ్మను కూడా చేర్చినందుకు కృతజ్ఞతలు. స్పాయిలర్ల విభాగంలో రాసినదాని మొదటి వాక్యం ముందుపేజీలో దానంతటదే కనిపిస్తుంది. దానిని కూడా ఆపించగలరా?

కృష్ణాతీరం:

నిర్వాహకుడు గారూ, రెండో వాక్యంతో నాకు ఇంకా పూర్తి ఏకీభావం లేదు. బిగ్‌బాస్ ఎలిమినేషన్ పేరు శనివారం రాత్రికల్లా తెలుగు రాష్ట్రాలంతటా తిరిగిపోతుంది. అందరికీ తెలిసినదానిని మన వేదికలో మాత్రమే, అదీ స్పాయిలర్ల విభాగంలో కూడా మాట్లాడుకోకూడదనడం వల్ల ఎవరికి మేలు జరుగుతుంది? అక్కడికి వచ్చేవారు తెలుసుకోవాలనే వస్తారు. దొంగ కాపీలకు, విమర్శకుల స్క్రీనర్లకు ఆ వాక్యాన్ని పరిమితం చేస్తే నేను సంతోషంగా సమ్మతిస్తాను.

నిర్వాహకుడు:

వీక్షకురాలు గారూ, స్పాయిలర్ల విభాగానికి సంబంధించి ముందుపేజీలో శీర్షిక తప్ప మరేదీ కనిపించకుండా ఈ రోజే మారుస్తున్నాను. కృష్ణాతీరం గారూ, మీ సవరణను స్వీకరిస్తున్నాను. అయితే చిత్రీకరణ సిబ్బంది ఎవరైనా పేరు చెప్పకుండా ఇక్కడికి వచ్చి నేరుగా ఫలితాలు రాస్తే వాటిని తొలగిస్తాను. అలాంటివారు ఉద్యోగంలో ఇచ్చిన మాటను తప్పుతున్నారు, వారి ఉపాధికి ముప్పు తెచ్చే రాతకు మన వేదిక చోటు ఇవ్వదు.